బెన్ జోబ్రిస్ట్‌కు ఒక్క ఓటూ పడకపోవడం న్యాయమేనా?

చర్చ ప్రారంభించినవారు:
గొప్ప ఆటగాళ్లను గౌరవించే అమెరికా బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు 2025లో జరిగిన ఎన్నికలో 394 మంది క్రీడా రచయితలు ఓటు వేయగా జపాన్ ఆటగాడు ఇచిరో సుజుకికి 393 వచ్చాయి, అమెరికా ఆటగాడు జోబ్రిస్ట్‌కు ఒక్కటీ రాలేదు. 5 శాతం ఓట్లు దక్కనివారి పేరు జాబితాలోంచి తొలగిపోతుంది కాబట్టి రచయితల ఓటింగ్‌లో ఆయనకు రెండో అవకాశం లేదు. ఆయనకు హాల్‌లో చోటు ఇచ్చి తీరాలని నేను అనను. సున్నా మాత్రం అన్యాయం. 2009లో టాంపా బే జట్టుకు ఒకరోజు రెండో బేస్ దగ్గర, మరోరోజు కుడి ఔట్‌ఫీల్డ్‌లో ఫీల్డింగ్ చేస్తూనే ఆయన 27 హోమ్ రన్‌లు (ఒక్క దెబ్బతో అన్ని బేస్‌లూ చుట్టి వచ్చే హిట్లు) కొట్టారు. ఎవరైనా గాయపడితే ఆ ఖాళీ పూడ్చడానికి వచ్చే ఆటగాడు కాదాయన, ఏ స్థానంలోనైనా సరే రోజూ ఆడవలసిన ఆటగాడు.

మొదటి స్పందన:
అభిమానం వేరు, అర్హత వేరు. ఆయన జీవితకాల హిట్లు (బంతిని కొట్టి బేస్ చేరిన సందర్భాలు) 1,566, హోమ్ రన్‌లు 167. అదే జాబితాలో ఉన్న ఇయాన్ కిన్స్లర్‌కు 1,999 హిట్లుండి కూడా 10 ఓట్లే పడ్డాయి. పైగా ఒక్కొక్కరు పది పేర్లకు మించి రాయకూడదు.

చర్చ ప్రారంభించినవారు:
హిట్ల లెక్క ఒక్కటే చూస్తే ఓపికగా నిలబడి సంపాదించిన వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే దక్కే ఉచిత మొదటి బేస్), నాలుగైదు స్థానాల్లో చేసిన ఫీల్డింగ్ ఎక్కడా కనబడవు. ఉత్తమ ఫీల్డర్లకు ఇచ్చే గోల్డ్ గ్లవ్ బహుమతుల్లో యుటిలిటీ ఆటగాళ్ల (అనేక స్థానాల్లో ఆడేవాళ్ల) విభాగం 2022లో గాని రాలేదు; అప్పటికి జోబ్రిస్ట్ చివరి ఆట ముగిసి మూడేళ్లయింది. ఇక ఛాంపియన్‌ను తేల్చే ఫైనల్, 2016 వరల్డ్ సిరీస్‌లో ఏడో ఆట చూడండి; అప్పుడు జోబ్రిస్ట్ షికాగో కబ్స్ జట్టులో ఉన్నారు. క్లీవ్‌లాండ్‌లో 6-6 వద్ద వాన వచ్చి ఆట కాసేపు ఆగింది. పదో ఇన్నింగ్స్‌లో, ఆయనకు ముందు బ్యాటింగ్‌కు వచ్చిన సహచరుడు రిజ్జోను ప్రత్యర్థులు కావాలనే వాక్‌తో పంపించి జోబ్రిస్ట్‌ను ఎదుర్కోవాలనుకున్నారు. రెండు స్ట్రైకులు పడ్డాక (మూడోది పడితే ఔట్) క్లీవ్‌లాండ్ పిచర్ బ్రయన్ షా వేసిన బంతిని ఆయన మూడో బేస్ పక్కనుంచి ఎడమ గీత వెంట పంపి రెండో బేస్ చేరితే (దీన్నే డబుల్ అంటారు) అప్పటికే బేస్ మీదున్న సహచరుడు అల్మోరా పరుగు పూర్తి చేశాడు. కబ్స్ 8-7తో నెగ్గి, 1908 తర్వాత తొలిసారి విజేతలయ్యారు.

రెండో స్పందన:
ఒక్క డబుల్ కొట్టినంత మాత్రాన హాల్‌కు ఓటు వేయమంటారా?

చర్చ ప్రారంభించినవారు:
ఒక్క డబుల్ కాదండీ. ఆ సిరీస్ మొత్తంలో ఆయన బ్యాటింగ్ సగటు .357 (వెయ్యి ప్రయత్నాలకు 357 హిట్ల లెక్కన), అత్యుత్తమ ఆటగాడి పురస్కారం ఆయనదే. అంతకు ముందటి ఏడాది సీజన్ మధ్యలో కాన్సస్ సిటీకి మారి, ఆ జట్టుతోనూ టైటిల్ గెలిచారు. పది పేర్ల పరిమితిని కారణంగా చూపడం కూడా సరికాదు, ఎందుకంటే చాలామంది ఓటర్లు ఆ పదీ నింపకుండా ఖాళీలు వదిలేశారు.