టేకాఫ్ పరుగులో ముక్కు ఎడమకు లాగుతోంది, సరిదిద్దబోతే ఇంకా చెడుతోంది

ప్రశ్న: సెస్నా 172ఎస్ అనే చిన్న విమానం మీద శిక్షణలో 14 గంటలు పూర్తయ్యాయి. దిగడం ఫరవాలేదు, లేవడమే భయంగా ఉంది. నిన్న థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచే మీట) పూర్తిగా తోయగానే ముక్కు ఎడమకు తిరిగింది. కుడి పెడల్ గట్టిగా తొక్కాను. విమానం కుడి అంచు వైపు దూకింది, మళ్ళీ ఎడమకు వచ్చింది. మూడో ఊపుకు ఇన్‌స్ట్రక్టర్ గారు థ్రాటిల్ లాగేసి ఆపారు. గాలి ఎడమ పక్క నుంచి 8 నాట్లే (గంటకు దాదాపు 15 కిలోమీటర్లు). తప్పెక్కడ?

జవాబు: శిక్షణ ఇచ్చేవాడిగా చెబుతున్నాను, ఇది దాదాపు అందరికీ ఎదురయ్యేదే. కాక్‌పిట్ నుంచి చూస్తే ఆ ప్రొపెల్లర్ కుడివైపుకు తిరుగుతుంది. అది నెట్టే గాలి విమానం చుట్టూ సుడి తిరుగుతూ వెళ్ళి తోకను ఎడమ పక్క నుంచి కొడుతుంది, ముక్కు ఎడమకు పోతుంది. వేగం తక్కువ, శక్తి పూర్తి అన్నప్పుడే ఈ లాగుడు ఎక్కువ. దానికి తోడు ఎడమగాలి. గాలికోడి లాగే విమానమూ గాలి వచ్చే వైపుకే మొహం తిప్పుతుంది. మీకు రెండూ ఒకే పక్కకు కలిశాయి. అదే గాలి కుడి నుంచి వచ్చి ఉంటే కొంత ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి.

కానీ మిమ్మల్ని ఊపింది ఇవి కాదు, ఆలస్యంగా పడిన పెద్ద తొక్కుడు. థ్రాటిల్‌ను మూడు నాలుగు సెకన్లు తీసుకుని తోయండి, కుడి కాలి ఒత్తిడి దానితోపాటే పెరగాలి. చూపు ముక్కు ముందు కాదు, రన్‌వే చివర ఉండాలి. ఎడమగాలికి యోక్‌ను (చేతిలోని స్టీరింగును) పూర్తిగా ఎడమకు తిప్పి పరుగు మొదలుపెట్టి, వేగం పెరిగేకొద్దీ తగ్గించండి. ముక్కు చక్రం లేచాక మరికాస్త కుడి రడ్డర్ (పెడళ్ళతో కదిలే తోక పలక) కావాలి. అప్పటికి ఆ చక్రం ఆసరా పోతుంది, పైకెత్తిన ప్రొపెల్లర్‌కు కుడి పక్కనున్న బ్లేడు ఎక్కువ లాగుతుంది.

మరొకరు: సీటు గొళ్ళెం పడిందో లేదో ఒళ్ళు ముందుకూ వెనక్కూ ఊపి చూసుకోండి. పరుగులో సీటు వెనక్కి జారితే చెయ్యి యోక్‌ను లాగేస్తుంది, కాళ్ళకు పెడళ్ళు అందవు.

ప్రశ్నించినవారు: అంచు దగ్గరకు వచ్చేస్తే, ఎలాగూ వేగం ఉంది కదా అని లేపేయవచ్చా?

జవాబు: వద్దు. ఆ విమానానికి ముక్కు చక్రం ఎత్తే వేగం 55 నాట్లు. అంతకు ముందే లాగితే నేలకు దగ్గరగా ఉన్నంతసేపు తేలినట్టే ఉంటుంది, కాస్త పైకి పోగానే రెక్క వాలిపోతుంది. గడ్డిలోకి పోయినా ఫరవాలేదు, థ్రాటిల్ మూసేయండి. ఇన్‌స్ట్రక్టర్ ‘కంట్రోల్ నాది’ అన్న మరుక్షణం చేతులూ కాళ్ళూ తీసేయండి. బిగుసుకున్న విద్యార్థి కాలితో పోట్లాడటం మాకు అన్నిటికంటే కష్టం. ఇంతకీ ఆ రోజు మీ మడమలు ఎక్కడున్నాయి?

ప్రశ్నించినవారు: ఇన్‌స్ట్రక్టర్ గారిని అడిగాను. మడమలు నేల మీద లేవట, పాదాలు పెడళ్ళ పైభాగాన ఉన్నాయట, బ్రేకు ఉండేది అక్కడే. రడ్డర్ అనుకుని బ్రేకు కూడా తొక్కాను. కుడి టైరు మీద అరిగిన మచ్చ కూడా చూపించారు.