కేరీ నుంచి కాలిఫోర్నియాకు కారులో: మావారి గోల్ఫ్, నేను చూడాలనుకున్న చోట్లు, రెండూ కుదిరేదెలా?

కేరీ ఇల్లాలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నార్త్ కరోలినాలోని కేరీలో 22 ఏళ్ళు కాపురమున్నాక, ఈ సెప్టెంబరు చివర్లో ఇల్లు ఖాళీ చేసి, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి ఇంటికి దగ్గరగా మకాం మారుస్తున్నాము. సామాను ట్రక్కులో వెళ్ళిపోతుంది. మేమిద్దరం మాత్రం విమానం ఎక్కకుండా, మా కారులోనే మూడు వారాల పాటు నిదానంగా దేశమంతా చూసుకుంటూ వెళ్ళాలని నిశ్చయించుకున్నాము. మావారికి 63 ఏళ్ళు, ఈమధ్యనే ఉద్యోగ విరమణ చేశారు. నాకు 59. ఇద్దరం ఇక్కడి పౌరులమే.

చిక్కంతా గోల్ఫ్ దగ్గర వచ్చింది. మావారు రాసుకున్న జాబితాలో 11 గోల్ఫ్ మైదానాలున్నాయి. ఇన్నేళ్ళు గంట దూరంలో ఉండి కూడా ఖర్చుకు వెనకాడి ఆడకుండా వదిలేసిన పైన్‌హర్స్ట్ నంబర్ 2తో అది మొదలై, పెబుల్ బీచ్‌తో ముగుస్తుంది. నా జాబితాలో స్మోకీ పర్వతాలు, మెంఫిస్, శాంటా ఫే, గ్రాండ్ కాన్యన్ ఉన్నాయి. రెండింటినీ కలిపి క్యాలెండరు మీద పరిస్తే 36 రోజులు తేలాయి. నేను గోల్ఫ్ ఆడను. గోల్ఫ్ కార్టులో (మైదానంలో తిరిగే చిన్న బండిలో) ఆయన పక్కన కూర్చుని తిరగడం నాకు ఇబ్బంది కాదు గానీ, వారానికి నాలుగుసార్లంటే నా వల్ల కాదు. ఒకసారి సముద్రతీరానికి సెలవు గడపడానికి వెళ్ళినప్పుడు ఆయన పొద్దున 18 హోల్స్ (18 గుంతల పూర్తి ఆట), మధ్యాహ్నం 18 హోల్స్ ఆడుతుంటే నేను క్లబ్‌హౌస్ వరండాలో ఒక నవల మొదలుపెట్టి, ముగించి, మళ్ళీ మొదటి పేజీ తిరగేశాను.

ఐ-40 జాతీయ రహదారి మీదుగా ఇలా వెళ్ళినవారు ఎన్ని ఆటలు పెట్టుకుంటే సరిపోతుందో, ఎక్కడెక్కడ పెట్టుకుంటే ఇద్దరికీ గిట్టుబాటవుతుందో చెప్పగలరా? మేము శాకాహారులమని కూడా గమనించగలరు.

రెండుసార్లు దాటినవాడు

నమస్కారమండీ. ఐ-40 మీ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో మొదలై కాలిఫోర్నియా ఎడారిలో బార్‌స్టో దగ్గర ముగుస్తుంది. మొత్తం పొడవు సుమారు 2,550 మైళ్ళు. దారి సులువే, లెక్క తప్పేది గంటల దగ్గర. 18 హోల్స్ ఆటకు నాలుగున్నర గంటలని మావంటివాళ్ళం చెబుతుంటాము. ముందుగా చేరుకోవడం, నాలుగు బంతులు కొట్టి చేయి సరిచేసుకోవడం, ఆట తరువాత స్నానం, భోజనం కలుపుకుంటే అది ఏడు గంటల పని. ఆపైన 300 మైళ్ళు నడపగలనని మీవారు అనవచ్చు. నేనూ అలాగే అని, ఆర్కాన్సాస్‌లో కళ్ళు మూతలు పడుతుంటే రెస్ట్ ఏరియాలో కారు ఆపుకుని రెండు గంటలు నిద్రపోయాను. అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే నియమం: ఆట ఉన్న రోజున ఊరు మారకూడదు. ఆట ఉన్న ఊళ్ళో రెండు రాత్రుల బస తప్పనిసరి. ఈ నియమం పెట్టుకుంటే మూడు వారాల్లో నాలుగు ఆటలకు మించి పట్టవు. ఆ సంగతి ఆయనకు మీరు చెప్పనక్కరలేదు, క్యాలెండరే చెబుతుంది.

మొదటి ఆట పైన్‌హర్స్ట్‌లోనే పెట్టుకోండి. డొనాల్డ్ రాస్ రూపొందించిన నంబర్ 2 మైదానం 1907లో మొదలైంది. 1999, 2005, 2014, 2024లలో యూఎస్ ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ అక్కడ జరిగింది. అక్కడి గ్రీన్లు, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చికలు, తాబేలు వీపులా నడుమ ఎత్తుగా ఉండి, బాగా కొట్టామనుకున్న బంతిని కూడా అంచు నుంచి కిందికి దొర్లించేస్తాయి. 1999లో పేన్ స్టువర్ట్ చివరి హోల్‌లో 15 అడుగుల పట్ (బంతిని గుంతలోకి దొర్లించే దెబ్బ) వేసి గెలిచి, నాలుగు నెలలకే విమాన ప్రమాదంలో మరణించాడు. పిడికిలి చాచి నిలబడ్డ ఆయన విగ్రహం ఆ గ్రీన్ దగ్గరే ఉంది. ముందుగా టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) ఖాయం కావాలంటే ఆ రిసార్ట్‌లోనే బస చేయవలసి ఉంటుంది. ఎటూ రెండు రాత్రులు ఉంటారు గనుక రెండోరోజు మీరు కూడా చేయి కలపండి. అక్కడే 'ది క్రేడిల్' అని 2017లో తెరిచిన 9 హోల్స్ చిన్న మైదానం ఉంది. మొత్తం పొడవు 789 గజాలే. ఎన్నడూ ఆడనివారు కూడా రెండు క్లబ్బులు (గోల్ఫ్ కర్రలు) చేతబట్టుకుని నవ్వుకుంటూ తిరిగి రావచ్చు.

స్మోకీలకు వెళ్ళేటప్పుడు ఒక జాగ్రత్త. ఆషెవిల్ దాటాక పిజన్ నది లోయలో ఐ-40ని 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను కోసేసింది. 2025 మార్చిలో ఒక్కో దిక్కుకు ఒక్కో వరుసతో తెరిచారు గానీ, మరమ్మతు ఏళ్ళ తరబడి సాగే పని. మీరు అటు వెళ్ళనే అక్కరలేదు. ఆషెవిల్ నుంచి చెరొకీ ఊరికి వెళ్ళి, 441 రోడ్డు మీద పార్కు నడుమగా న్యూఫౌండ్ గ్యాప్ ఎక్కి గాట్లిన్‌బర్గ్‌లో దిగండి. చూడదగినవన్నీ ఆ దారి మీదే ఉన్నాయి. పార్కుకు ప్రవేశ రుసుము లేదు గానీ, 2023 నుంచి 15 నిమిషాలకు మించి కారు ఎక్కడ ఆపినా పార్కింగ్ చీటీ కొనాలి.

మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను 1968 ఏప్రిల్ 4న కాల్చిచంపిన లొరెయిన్ మోటెల్ ఇప్పుడు పౌరహక్కుల మ్యూజియం. ఆయన బస చేసిన 306వ గదిని అద్దం వెనక నుంచి చూడవచ్చు. ఆ రోజున ఇంకేమీ పెట్టుకోకండి. అది చూసి వచ్చాక గోల్ఫ్ ఆడబుద్ధి కాదు, నాకైతే కాలేదు. ఓక్లహోమా సిటీలో 1995 పేలుడు స్మారకాన్ని చీకటి పడ్డాక చూడండి. మరణించిన 168 మందికి 168 కుర్చీలు, ఒక్కొక్కటి కింద దీపంతో వెలుగుతుంటాయి.

అల్బకర్కీ అత్తయ్య

పై పెద్దమనిషి దారి చెప్పారు గనుక నేను మా ఊరి సంగతి, తిండి సంగతి చెబుతాను. నేనూ మీలాగే కార్టులో పక్కన కూర్చునే మనిషినే.

మీ ప్రయాణం తేదీలు చూస్తే అక్టోబరు మొదటి పక్షంలో మా ఊరు చేరేలా ఉన్నారు. సరిగ్గా అప్పుడే ఇక్కడ తొమ్మిది రోజుల పాటు బెలూన్ల పండుగ జరుగుతుంది. 1972 నుంచి జరుగుతోంది. తెల్లవారుతుండగా వందల బెలూన్లు ఒకదాని వెనక ఒకటి లేచి శాండియా కొండల ముందు తేలుతుంటే, ఎన్నిసార్లు చూసినవాళ్ళమైనా పనులు మానుకుని డాబాల మీద నిలబడతాము. అయితే ఆ రోజుల్లో హోటళ్ళు దొరకవు, దొరికినా రెండు మూడు రెట్లు అడుగుతారు. కాబట్టి బెలూన్లు చూడాలనుకుంటే ఈ రోజే గది పట్టుకోండి. వద్దనుకుంటే ఆ పండుగ అయిపోయేదాకా ఇటు రాకండి. రెండింటికీ మధ్య ఊగిసలాడితేనే నష్టపోతారు.

మీవారి రెండో ఆటకు కొండల వెనక శాండియా పార్క్‌లో ఉన్న పా-కో రిడ్జ్ మైదానం సరిపోతుంది. అది దాదాపు 6,500 అడుగుల ఎత్తున ఉంది. గాలి పలచన గనుక బంతి దూరం పోతుంది, వెయ్యి అడుగుల ఎత్తుకు ఇంచుమించు ఒక శాతం చొప్పున లెక్కవేసుకోమని మా ఆయన అందరికీ చెబుతుంటారు. కేరీలో 150 గజాలు పోయే దెబ్బ ఇక్కడ 160 దాకా పోతుంది. మొదటి రోజు ప్రతివారూ గ్రీన్ దాటించి కొట్టి క్లబ్బు వంక అనుమానంగా చూస్తారు. ఎత్తుకు ఆయాసం కూడా వస్తుంది, నీళ్ళు ఎక్కువ తాగండి. ఆయన ఆడుకుంటున్నప్పుడు మీరు కారు తీసుకుని శాంటా ఫే వెళ్ళండి. ఐ-25 మీద వెళ్ళకుండా, మైదానం వైపు నుంచే టర్కాయిస్ ట్రయిల్ అనే 14వ నంబరు రోడ్డు పాత గనుల ఊళ్ళ మీదుగా అక్కడికి వెళుతుంది. అక్కడ చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ మ్యూజియం చిన్నదే, రెండు గంటలు చాలు. క్లబ్‌హౌస్ వరండా అవసరం మీకిక రాదు.

తిండి విషయానికి వస్తే, ఓక్లహోమా పడమటి భాగం నుంచి టెక్సాస్ దాకా ఐ-40 పక్కన కొన్ని ట్రక్ స్టాపుల్లో పంజాబీ డ్రైవర్ల కోసం వంటశాలలు వెలిశాయి. బయట చూస్తే పెట్రోలు బంకే, లోపల వేడి రొట్టెలు, పప్పు. మనకు అన్నం పడాలి గనుక చిన్న ఎలక్ట్రిక్ కుక్కరు, కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ పెట్టుకోండి. హోటల్ గదిలో పోపు మాత్రం పెట్టకండి. పొగ అలారం మోగి, నైట్ డ్రస్సుల్లో అందరితో కలిసి కార్ల పార్కింగులో నిలబడ్డ అనుభవం మాకుంది.

మరొకటి. అరిజోనాలో వేసవికి గడియారాలు గంట ముందుకు జరపరు, కానీ ఆ రాష్ట్రంలోనే ఉన్న నవాహో నేషన్ అనే ఆదివాసీ తెగ భూభాగంలో జరుపుతారు. మాన్యుమెంట్ వ్యాలీ వైపు తిరిగితే ఫోను గంట ముందుకూ వెనక్కూ దూకుతుంది. ఆ చుట్టుపక్కల టీ టైమ్ పెట్టుకునేటప్పుడు ఏ గడియారం ప్రకారమో నోటితో అడిగి రాసుకోండి.

పద్దెనిమిదో గుంత

ఇద్దరూ మంచి మాటలే చెప్పారు గానీ, గోల్ఫ్ పక్షాన మాట్లాడేవాడు ఒకడుండాలి కదా. నాలుగు ఆటలకే దిగిపొమ్మంటే, ఆ నాలుగూ ఎంచడంలో పొరపాటు జరగకూడదు.

స్మోకీలు మీకు అంత ముఖ్యం కాకపోతే అట్లాంటా మీదుగా ఐ-20లో బర్మింగ్‌హామ్ వెళ్ళి, అక్కడి నుంచి ఐ-22 మీద మెంఫిస్ చేరే దారి ఉంది. అలబామాలో ఆ రాష్ట్ర ఉద్యోగుల పింఛను నిధి సొమ్ముతో కట్టిన రాబర్ట్ ట్రెంట్ జోన్స్ మైదానాల వరుస ఉంది. పింఛను సొమ్ముతో పర్యాటకులను రప్పించి, రాష్ట్రానికి రాబడి తేవాలన్న ఆలోచనతో 1990ల మొదట్లో ఆరంభించారు. పైన్‌హర్స్ట్ ధరతో పోలిస్తే చాలా చవక. ఆ దారిలో ఆగస్టా కూడా తగులుతుంది. మాస్టర్స్ అనే పేరున్న గోల్ఫ్ పోటీ జరిగే మైదానం కనిపిస్తుందేమోనని మాత్రం ఆశపడకండి, రోడ్డు మీద నుంచి పచ్చటి చెట్ల గోడ తప్ప ఏమీ కనిపించదు.

అక్టోబరు ప్రయాణంలో ఎక్కువమంది దెబ్బతినేది ఎడారిలో. లాస్ వేగాస్, ఫీనిక్స్, పామ్ స్ప్రింగ్స్ ప్రాంతాల్లో వేసవి గడ్డి చలికి గోధుమరంగుకు మారి పడుకుంటుంది గనుక, సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా ఒక్కో మైదానాన్ని కొన్ని వారాలు మూసేసి చలికాలపు గడ్డి విత్తనం చల్లుతారు. తెరిచినా కొత్త గడ్డిలోకి కార్టులను రానివ్వరు. మీవారి జాబితాలో ఉండే డెత్ వ్యాలీ ఫర్నేస్ క్రీక్ మైదానం నాకూ ప్రీతే. సముద్రమట్టానికి 214 అడుగుల దిగువన ఉంది, ప్రపంచంలో అంతకంటే పల్లంలో మరొకటి లేదంటారు. శాండియా కొండల్లో సంపాదించిన అదనపు గజాలన్నీ అక్కడ తిరిగి ఇచ్చెయ్యాలి. కానీ అక్టోబరు నడిమికి కూడా అక్కడ ఎండ మామూలుగా ఉండదు, పైగా ఈ విత్తనాల గొడవ. నవంబరు దాటాక ఫ్రీమాంట్ నుంచి విడిగా వెళ్ళి రావడమే తెలివైన పని.

పెబుల్ బీచ్‌కు రుసుము ఇప్పుడు 600 డాలర్లు దాటింది, ముందుగా టీ టైమ్ ఖాయం చేసుకోవాలంటే ఆ రిసార్ట్‌లో బస కూడా చేయాలి. పైన్‌హర్స్ట్‌లో ఒకసారి చేతి చమురు వదిలాక అదే ప్రయాణంలో మళ్ళీ వదిలించుకోవడమెందుకు? కొద్ది మైళ్ళ దూరంలో పసిఫిక్ గ్రోవ్ మునిసిపల్ మైదానం ఉంది. మొదటి తొమ్మిది హోల్స్ చెట్ల మధ్య మామూలుగా సాగుతాయి. వెనక తొమ్మిదీ మాత్రం పాయింట్ పినోస్ దీపస్తంభం చుట్టూ ఇసుక దిబ్బల్లో సముద్రాన్ని ఆనుకుని ఉంటాయి. వాటిని 1960లో రూపొందించింది పెబుల్ బీచ్ రూపకర్తల్లో ఒకడైన జాక్ నెవిల్లే. సాయంత్రం ధరకు ఆ తొమ్మిదీ ఆడుతుంటే మీరు పక్కన నడవండి. దీపస్తంభం 1855 నుంచి వెలుగుతోంది, జింకలు ఫెయిర్‌వే (ఆట సాగే గడ్డి దారి) మీదే మేస్తుంటాయి. మరునాడు 17 మైళ్ళ డ్రైవ్ అనే తీరపు రోడ్డుకు రుసుము కట్టి, పెబుల్ బీచ్ చివరి గ్రీన్‌ను ఒడ్డు నుంచి చూసి రండి.

క్లబ్బులను డిక్కీలో వదలకండి. దొంగతనం మాట అలా ఉంచి, ఎడారి వేడికి పిడుల కింద జిగురు వదులవుతుంది.

రెండుసార్లు దాటినవాడు

ఒక మాట మరిచాను. మీవారికి 62 దాటాయి, పౌరులు కూడా గనుక జాతీయ పార్కుల సీనియర్ పాసు తీసుకోండి. 80 డాలర్లకు జీవితాంతం చెల్లుతుంది, కారులో ఆయన పక్కనున్న మీకూ వర్తిస్తుంది. పెట్రిఫైడ్ ఫారెస్ట్, గ్రాండ్ కాన్యన్ రెండింటికే 60 డాలర్లవుతుంది. స్మోకీల పార్కింగ్ చీటీకి మాత్రం అది పనికిరాదు.

కేరీ ఇల్లాలు

అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలన్నీ అచ్చు తీసి భోజనాల బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు, "ఆట ఉన్న రోజున ఊరు మారకూడదు" అన్న చోట గీత కూడా గీశారు.

సెప్టెంబరు 26న బయలుదేరుతున్నాము. పైన్‌హర్స్ట్‌లో రెండు రాత్రులు ఖాయమయ్యాయి. క్రేడిల్‌లో నేను కూడా ఆడతానని మాట ఇచ్చాను, ఎలా ఆడానని మాత్రం ఎవరూ అడగవద్దు. అలబామా దారి వదులుకున్నాము, స్మోకీలు నేను వదులుకోలేను. అంత ముందుగా వెళితే కొండల మీద ఆకుల రంగులు పూర్తిగా తిరగవని తెలుసు. ఆ రంగులు 22 ఏళ్ళు మా పెరట్లోనే చూశాను, బెలూన్లు ఎన్నడూ చూడలేదు. అల్బకర్కీలో మూడు రాత్రులకు గది దొరికింది, అత్తయ్య గారు చెప్పిన ధరకే. మూడో ఆట పసిఫిక్ గ్రోవ్‌లో. నాలుగోది ఎక్కడని నిర్ణయించలేదు, దారిలో ఆయనకు ఏ ఊరి మునిసిపల్ మైదానం నచ్చితే అక్కడ సాయంత్రం తొమ్మిది హోల్స్ ఆడుకోవచ్చని ఒప్పందం.

మిగిలిన పేర్లు ఆయనే స్వయంగా కొట్టేశారు. పెన్సిలుతో కొట్టేశారన్నది నేను గమనించకపోలేదు.