‘తమదైన శైలిలో విచారించగా...’

ప్రశ్న: ‘పోలీసులు తమదైన శైలిలో విచారించగా నేరం అంగీకరించాడు’ అనే వాక్యం నేర వార్తల్లో తరచూ కనిపిస్తుంది. దీన్ని జాతీయం అనవచ్చా? ఇదే సంగతిని కోర్టుకిచ్చే పిటిషన్‌లో తెలుగులో ఎలా రాయాలి?

జవాబు: జాతీయం కాదండీ, పత్రికల పడికట్టు మాట. చదివేవారందరికీ లాఠీ తెలుస్తుంది, వాక్యంలో మాత్రం లాఠీ ఉండదు. ఒక నేరాన్ని పనితనంగా చూపించే ఈ మాటను విలేకరులు మానుకోవాలని నా గట్టి అభిప్రాయం. నేరం ఒప్పించడానికి మనిషిని గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ల వరకు, తీవ్రంగా గాయపరిస్తే పదేళ్ల వరకు జైలు. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును నిందితుడి మీద రుజువుగా వాడకూడదన్న నియమం 1872 నాటి సాక్ష్య చట్టం నుంచీ ఉంది. అంటే ‘అంగీకరించాడు’ అన్న ముక్క కూడా కోర్టులో నిలవదు. ‘అంగీకరించాడని పోలీసులు చెప్పారు’ అని రాస్తే సరిపోతుంది.

ఈ విషయంలో కౌటిల్యుడు మనకంటే సూటిగా మాట్లాడాడు. అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో ‘వాక్యకర్మానుయోగం’ అనే అధ్యాయం ఉంది. వాక్యంతో ప్రశ్నించడం ఒకటి, ‘కర్మ’తో, అంటే హింసపెట్టి, ప్రశ్నించడం ఇంకొకటి. ఆయన హింసను పూర్తిగా కాదనలేదు, గర్భిణులను, బాలింతలను మాత్రం మినహాయించాడు. కానీ అక్కడే మాండవ్యుణ్ణి తలచుకుంటాడు: దొంగ కాకపోయినా, హింసకు భయపడి ‘దొంగనే’ అని ఒప్పుకున్నాడట. భారతంలో మనకు తెలిసిన మాండవ్యుడు మౌనవ్రతంలో ఉండి శూలానికి ఎక్కాడు, ఇక్కడ కథ వేరు. దెబ్బలతో రాబట్టిన ఒప్పుకోలును నమ్మరాదని రాజ్యతంత్రం రాసినవాడికే తెలుసు.

ఇక పిటిషన్ సంగతి. ‘చిత్రహింస’ సరైన మాటే. ఇందులో ‘చిత్ర’ అంటే నానావిధమైన అని అర్థం. చిత్రవధలో ఉన్నదీ అదే. అయితే ‘చిత్రహింసలు పెట్టారు’ అని ఊరుకుంటే చాలదు. రాజ్యాంగంలో గానీ శిక్షాస్మృతుల్లో గానీ దానికి నిర్వచనం లేదని 1996 డిసెంబరులో డి.కె. బసు కేసు తీర్పులో సుప్రీంకోర్టే చెప్పింది. అందుకే జరిగింది జరిగినట్టు రాయాలి: ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎక్కడినుంచి తీసుకెళ్లారు, ఏ గదిలో, ఎవరు, దేనితో కొట్టారు. ‘అరికాళ్లపై లాఠీతో కొట్టారు, రాత్రంతా కూర్చోనివ్వలేదు’ అన్న వాక్యాన్ని డాక్టరు గాయాల నివేదికతో పోల్చి చూడవచ్చు. ‘నరకం చూపించారు’ అన్నదాన్ని పోల్చడానికి ఏమీ ఉండదు.

అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. కొట్టిన సంగతి అక్కడే నోటితో చెప్పి, వైద్య పరీక్ష అడిగి, రికార్డు చేయించాలి. అరెస్టు పత్రంపై కుటుంబసభ్యుడి లేదా స్థానిక పెద్దమనిషి సంతకం, కస్టడీలో 48 గంటలకోసారి వైద్య పరీక్ష కూడా బసు తీర్పు పెట్టిన షరతులే.

మరో సభ్యురాలు: ఇంత వివరంగా, చట్టం భాషలో రాయడం చదువురాని ఇంటివారి వల్ల అవుతుందా?

జవాబు: చట్టం భాష అక్కర్లేదమ్మా. ఒడిశాలో 1987లో పోలీసులు తీసుకెళ్లిన కుర్రవాడు మర్నాడు రైలు పట్టాల మీద గాయాలతో శవమై కనిపించాడు. తల్లి నీలబతి బెహెరా సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే రాజ్యాంగం 32వ అధికరణం కింద రిట్ పిటిషన్‌గా తీసుకుంది. రైలు గుద్దిందన్న పోలీసుల మాట నమ్మలేదు. ప్రాథమిక హక్కుకు భంగం కలిగినందుకు ప్రభుత్వమే లక్షన్నర రూపాయల పరిహారం ఇవ్వాలని 1993లో తీర్పు చెప్పింది. హైకోర్టుకైతే 226వ అధికరణం కింద వెళ్లవచ్చు. మనిషి ఎక్కడున్నాడో చెప్పకపోతే అతన్ని కోర్టు ముందు హాజరుపరచమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ వేయాలి, అందులో ఆఖరుసారి ఎవరు, ఎక్కడ చూశారో తప్పక రాయాలి.