మెరక మడి చదునుకి బ్లేడు నేర్చుకోవాలా, లేజర్ పిలవాలా?

మిర్యాల_కుర్రోడు
అందరికీ నమస్తే. మాది సాగర్ ఎడమ కాలువ కింద. నాలుగెకరాలు వరి. కాలువ వైపు రెండు మడుల్లో ఒక మూల మెరక, నీళ్లెక్కవు. అక్కడ ఊద, తుంగ తప్ప ఏమీ రాదు. అవతలి మూల పల్లం, నాటిన నారు మునిగిపోతుంది. మా మామ దగ్గర ట్రాక్టర్ ఉంది, వెనక తగిలించే బ్లేడు కూడా కొన్నాడు. యాసంగి కోతలయ్యాయి కదా, నేనే చదును చేద్దామని దిగా. దున్నడం వచ్చు గానీ బ్లేడు కొత్త. తోలిన చోటల్లా అలలు అలలుగా వస్తోంది. రెండోసారి తోలితే ఇంకా ఎక్కువైంది. నా తప్పెక్కడ? లేక లేజర్‌తో చదును చేసేవాళ్లనే పిలవమంటారా?

హెచ్‌పీ_ఎంత
ట్రాక్టర్ ఎన్ని హెచ్‌పీ?

గోదారి_రైతు
తమ్ముడూ, ఆ బ్లేడు వెనక చక్రాలకి అవతల వేలాడుతుంటుంది. ముందు చక్రం దిబ్బెక్కితే బండి ముక్కు లేచి బ్లేడు నేలలోకి దిగుతుంది. వెనక చక్రం దిబ్బెక్కితే బ్లేడు గాల్లోకి లేస్తుంది. నేలలో ఉన్న గతుకునే నీ బ్లేడు మళ్లీ గీస్తోందన్నమాట. అదే జాడలో మళ్లీ తోలావు కాబట్టి పెరిగింది.

మొదటిసారి పొడవునా తోలితే రెండోసారి మూల నుంచి మూలకి తోలు, ఆ తర్వాత అడ్డంగా. చిన్న గేర్‌లోనే పో. బ్లేడు నిండా మట్టి పట్టాలని ఆశపడకు, సగం చాలు. లిఫ్ట్ లివర్‌ని మాటిమాటికీ కదిలించడం కొత్తవాళ్లందరికీ ఉండే జబ్బు. నువ్వు గతుకు చూసి చెయ్యి కదిపేసరికి బండి ఆ గతుకు దాటిపోయి ఉంటుంది. టాప్ లింక్, అదే బండికీ బ్లేడుకీ మధ్య పైనుండే కడ్డీ, ఒకటి రెండు చుట్లు తిప్పి చూసుకో, బ్లేడు వాలు మారితే కొరుకుడు మారుతుంది. మా వైపు దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కుర్రాళ్లు ఇలాగే నేర్చుకుంటారు.

లేజర్_బండి
పెద్దాయన చెప్పింది బ్లేడు వరకు కరెక్టే. కానీ కంటితో చదును ఎంతకని వస్తుంది? మేం మడి పక్కన స్టాండు మీద లేజర్ పెడతాం. కొలకర్రతో మడంతా చూసి సగటు మట్టం తీస్తాం. ట్రాక్టర్ వెనక మట్టి గీకే బకెట్ ఉంటుంది, దాని మీద నిలబెట్టిన గొట్టానికి ఆ లేజర్ కాంతిని పట్టే రిసీవర్ ఉంటుంది. ఎక్కడ తేడా వచ్చినా హైడ్రాలిక్ బకెట్‌ని తనే లేపుతుంది, తనే దించుతుంది. డ్రైవర్ స్టీరింగ్ చూసుకుంటే చాలు. అంతా అయ్యాక తేడా రెండు సెంటీమీటర్ల లోపే. నారు వేళ్లు తడిస్తే చాలు, మూరెడు నీళ్లు నిలబెట్టే పని లేదు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో 2001లోనే ఇది మొదలైంది. మనమే ఇంకా బ్లేడు పట్టుకుని కూర్చున్నాం.

హెచ్‌పీ_ఎంత
లేజర్ బకెట్‌కి 50 హెచ్‌పీ పైన ఉంటేనే సుఖం. అందుకే అడిగా ఎంత అని.

కౌలు_బతుకు
లేజర్ అన్నా, మీరు గంటల లెక్కన తీసుకుంటారు. మడి ఎంత గతుకులుంటే మీకంత పంట. పైమట్టి సంగతి ఎందుకు చెప్పరు? నా మడిలో మెరక గీకితే కింద సుద్ద తేలింది. ఆ ఏడాది అక్కడ వరి ఆకులు తుప్పు పట్టినట్టయ్యాయి, పిలకలే లేవు. పల్లంలో మాత్రం ఏపుగా పెరిగి పడిపోయింది. ముందు ఒక మూలే పాడు, చదును చేశాక రెండు మూలలూ పాడు.

లేజర్_బండి
అది చేసినవాడి తప్పు, మిషన్ తప్పు కాదు.

కౌలు_బతుకు
ఎప్పుడూ ఎవడో ఒకడి తప్పే. డబ్బు మాత్రం నాది.

గోదారి_రైతు
ఎక్కువ లోతు గీకాల్సి వస్తే పైమట్టిని ముందు పక్కకి లాగి, అడుగు సరిచేసి, మళ్లీ పరవాలి. డీజిల్ రెండింతలవుతుందని ఎవరూ చేయరు. చేయనప్పుడు గీకిన చోట పెంట తోలి, జీలుగో జనుమో వేసి కలియదున్నాలి, దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేయాలి. ఆకు తుప్పు రంగు అయిందంటే చాలావరకు జింకు లోపమే. ఇంకోటి, పోసిన మట్టి మొదటి తడికే కుంగుతుంది. అందుకని చదునయ్యాక పలచగా నీళ్లు పెట్టి ఎక్కడ నేల తేలుతుందో చూసి, ఆరాక మళ్లీ ఒకసారి తోలాలి.

అసలు తేడా మూరెడుంటే గీకడం ఎందుకు? నడిమధ్య గట్టు వేసి రెండు మడులు చేయి. సగం పని తప్పుతుంది.

మిర్యాల_కుర్రోడు
గట్టు వేయనివ్వరండీ. పొలం మాది కాదు, కౌలు.

కౌలు_బతుకు
ఆ మాట ముందు చెప్పాలి కదయ్యా! కాగితం ఉందా?

మిర్యాల_కుర్రోడు
లేదన్నా, నోటిమాటే. ఏడాదికోసారి.

కౌలు_బతుకు
అయితే బ్లేడు దింపి ఇంటికి పో. నేను రెండెకరాలు నా డబ్బుతో చదును చేయించా. మరుసటి ఏడాది ఆసామి వచ్చి, నీళ్లు ఇప్పుడు బాగా ఎక్కుతున్నాయి కదా అని ఎకరాకి మూడు బస్తాలు పెంచాడు. కాదంటే పక్కవాడు రెడీగా ఉన్నాడు. సుద్ద తేలిన ఏడాది నష్టం నాకు, నేల కోలుకున్నాక లాభం వాడికి. రైతుబంధు కూడా పట్టాదారు ఖాతాలోనే పడింది, నాకు పైసా రాలేదు.

ఊరొదిలిన_ఆసామి
ఆసాములందరినీ ఒకే గాటన కట్టకండి. నా కౌలుదారు నాతో చెప్పకుండా బ్లేడు పెట్టి నడి గట్లన్నీ తీసేశాడు. ఆ ఊపులో హద్దు గట్టు కూడా జానెడు జరిగింది. పక్క పొలం వాళ్లు సర్వేయర్‌ని తెచ్చారు. ఉద్యోగానికి సెలవు పెట్టి తిరిగింది నేను. కౌలుదారు అప్పటికే పొలం వదిలేసి పోయాడు. అతనిది ఒక ఏడాది పంట, నాది నాన్న ఇచ్చిన భూమి.

కౌలు_బతుకు
జానెడు గట్టుకి అంత బాధైతే మీరే వచ్చి దున్నుకోవచ్చు కదా.

ఊరొదిలిన_ఆసామి
నేను దున్నుకుంటే నీకు కౌలెవరిస్తారు?

గుంటూరు_సాగు
గొడవెందుకు? 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ఉంది. 11 నెలల ఒప్పందం రాసుకుంటే కౌలుదారుకి సాగుదారు కార్డు ఇస్తారు.

మిర్యాల_కుర్రోడు
అది ఆంధ్రాలో అండీ. మాది తెలంగాణ.

కౌలు_బతుకు
ఉన్నా ఏం లాభం? దానికీ ఆసామి సంతకం కావాలి. పైగా 11 నెలల్లో ఏ చదును ఖర్చు తిరిగొస్తుంది? ఉమ్మడి రాష్ట్రంలో 2011లో తెచ్చిన రుణ అర్హత కార్డు కూడా ఏడాదికే. చదును చేసిన మడి మూడు నాలుగేళ్లు ఫలితమిస్తుంది. ఆ మూడేళ్లూ పొలం నా దగ్గరే ఉంటుందని ఎవరు రాసిస్తారు?

ఊరొదిలిన_ఆసామి
మూడేళ్లు రాసిస్తే నాలుగో ఏడు లేవరని ఎవరు రాసిస్తారు? మా భయం మాకుంటుంది. అడిగి చేస్తే ఖర్చులో సగం పెట్టుకునేవాణ్ణి. అడగలేదు, అదీ నా కోపం.

కౌలు_బతుకు
మీలా సగం పెట్టుకునే ఆసామిని నేనింతవరకు చూడలేదు.

మిర్యాల_కుర్రోడు
ఇప్పుడే మా ఆసామికి ఫోన్ చేశా. గట్లు ముట్టుకోకుండా చదును చేసుకో అన్నాడు. ఖర్చు సంగతి, కౌలు సంగతి పంటయ్యాక మాట్లాడదాం అన్నాడు.

కౌలు_బతుకు
పంటయ్యాక నీ చేతిలో ఏముంటుంది మాట్లాడటానికి? ఇప్పుడే తేల్చుకో.

ఊరొదిలిన_ఆసామి
ఇదొక్కటి మాత్రం ఆయన కరెక్టుగా చెప్పాడు.

మిర్యాల_కుర్రోడు
ఆదివారం ఆయన ఊరికొస్తున్నాడు, డీజిల్ సగం అడుగుతా. ఈలోగా లేజర్ లేదు, ఏమీ లేదు. ఆ మెరక మూల ఒక్కటే పలచగా గీకి పల్లానికి లాగుతా. పెద్దాయనా, నిన్న వాన పడింది. మట్టి ఎంత ఆరాక బ్లేడు దించాలి?

గోదారి_రైతు
గుప్పెడు మట్టి నొక్కి కింద పడెయ్. పొడిపొడిగా పగిలితే తోలుకో. ముద్దగా ఉంటే ఇంకో రెండు రోజులు ఆగు, లేకపోతే చక్రాల కింద నేల అణిగి గట్టిపడిపోతుంది. ఈసారి మూల నుంచి మూలకి తోలడంతోనే మొదలుపెట్టు.

హెచ్‌పీ_ఎంత
బ్లేడు ఎన్ని అడుగులు?