పాత పెర్ఫార్మెన్స్ కార్ల ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) చిప్పులు: చదవడం, రాయడం, మ్యాప్ (ఇంధనం, స్పార్క్ పట్టిక) దిద్దడం

పాతమోట్రానిక్:
బీఎండబ్ల్యూ ఈ30 325ఐ, బాష్ మోట్రానిక్ 1.3, లోపల 27సీ256 చిప్పు. దాని ఫైలు చదివి డబ్ల్యూ27సీ512 మీద ఒక్క బైటు కూడా మార్చకుండా రాశాను. ప్రోగ్రామర్ (చిప్పు చదివి రాసే పరికరం) వెరిఫై ఓకే అంటోంది. బోర్డులో పెడితే స్టార్టర్ తిరుగుతుంది, స్పార్క్ మాత్రం రాదు. పాత చిప్పు తిరిగి పెడితే మామూలుగా స్టార్ట్ అవుతుంది. లోపం ఎక్కడ ఉండొచ్చు?

ఏ15_పైన:
చిప్పు బాగానే ఉంది, ఫైలు తప్పు సగంలో కూర్చుంది. 27సీ256లో ఒకటో కాలు వీపీపీ (రాసేటప్పుడు వోల్టేజీ ఇచ్చే కాలు). బోర్డు మీద దాన్ని 5 వోల్టులకు కట్టేస్తారు. 27సీ512లో అదే కాలు ఏ15 అడ్రస్ లైను. అది ఎప్పుడూ పైనే ఉంటుంది కాబట్టి ఈసీయూ 8000 హెక్స్ (దశాంశంలో 32,768) నుంచి ఉన్న పై సగాన్నే చదువుతుంది. మీ ఫైలు కింది సగంలో ఉంది, పైన అంతా ఖాళీ, అంటే ఎఫ్‌ఎఫ్.

ప్రోగ్రామర్ బఫర్‌లో ఫైలును 0 దగ్గర ఒకసారి, 8000 హెక్స్ దగ్గర మరోసారి లోడ్ చేయండి. మొత్తం 65,536 బైట్లు కావాలి. రాసే ముందు ఆ రెండు చోట్లా మొదటి పది బైట్లు ఒకటేనా చూసుకోండి. మోట్రానిక్ 1.3లో ఉన్నది 8051 కుటుంబం ప్రాసెసర్, కాబట్టి మొదటి బైటు సాధారణంగా 02 ఉంటుంది. అది జంప్ ఆదేశం. అక్కడ ఎఫ్‌ఎఫ్ కనిపిస్తే ఇక కారు దాకా వెళ్ళనక్కర్లేదు.

కిటికీచిప్పు:
పైన చెప్పింది కరెక్టు. అయితే ఆ అసలు ఫైలు నిజంగా అసలుదేనా అన్నది కూడా తేల్చుకోవాలి. ముప్పై ఏళ్ళు దాటిన ఈప్రామ్‌ను (27సీ256 లాంటి మెమరీ చిప్పును) ఒక్కసారి చదివి నమ్మకూడదు. కనీసం మూడుసార్లు చదవండి, ప్రతిసారీ చిప్పు తీసి మళ్ళీ పెట్టి. మూడు ఫైళ్ళ సీఆర్‌సీ32 (ఫైళ్ళు పోల్చే చెక్ సంఖ్య) ఒకటే రావాలి. తేడా వస్తే ముందు అనుమానించాల్సింది కాళ్ళ మీద తుప్పునే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఫైబర్‌గ్లాస్ పెన్నుతో తుడవండి.

తుడిచాక కూడా తేడా వస్తుంటే సెల్‌లో చార్జి కారిపోతోందని అర్థం. ఈప్రామ్‌లో రాసిన బిట్టు 0, చెరిగినది 1. చార్జి తగ్గేకొద్దీ 0లు 1లుగా మారతాయి. సప్లై వోల్టేజీ పెరిగితే బలహీనమైన 0లు ఇంకా తొందరగా 1లుగా కనిపిస్తాయి. అందుకని ప్రోగ్రామర్‌లో వీసీసీ (ఆ సప్లై వోల్టేజీ) 4.5 దగ్గర ఒకసారి, 5.5 దగ్గర ఒకసారి చదివి పోల్చండి. తేడా ఉంటే 4.5 దగ్గర వచ్చిన ఫైలే అసలుకు దగ్గర. దాన్ని వెంటనే కొత్త చిప్పు మీదకు ఎక్కించేయండి.

ఇంకొకటి. చిప్పు పేరు తెలియనప్పుడు, లేదా అది మాస్క్ రోమ్ (ఫ్యాక్టరీలోనే రాసేసిన చిప్పు) అని అనుమానం ఉన్నప్పుడు ప్రోగ్రామర్‌లో ఐడీ చెక్ ఆపేయండి. ఐడీ చదవడానికి అది ఏ9 కాలు మీద దాదాపు 12 వోల్టులు పెడుతుంది. అన్ని చిప్పులూ దాన్ని తట్టుకోవు.

సోల్డర్‌పొగ:
రాసేటప్పుడు వోల్టేజీ చూసుకోండి. పాత 2732కి 25 వోల్టులు కావాలి, 2732ఏకి 21, 27సీ256కి 12.75 చాలు. టీఎల్866 టూ ప్లస్ ప్రోగ్రామర్ 18 వోల్టులకు మించి ఇవ్వలేదు. అది 2732ను చదువుతుంది గానీ రాయలేదు. టీ48 అయితే 25 దాకా వెళ్తుంది. కిటికీ (చెరిపే వెలుతురు లోపలికి పోయే గాజు) లేని ప్లాస్టిక్ 27సీ256 ఒకసారి రాస్తే అంతే, చెరపడం కుదరదు. కిటికీ ఉన్నదాన్ని 253.7 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద 15 నుంచి 20 నిమిషాలు ఉంచి, బ్లాంక్ చెక్ పాసయ్యాకే రాయాలి.

పీ28బోర్డు:
హోండా ఓబీడీ1 (తొంభైల తొలినాళ్ళ తరం) వాళ్ళ సంగతి వేరు. పీ28 అనే ఈసీయూ బోర్డులో ప్రోగ్రాం ఓకీ ప్రాసెసర్ లోపలే ఉంటుంది, బయటి చిప్పుకు చోటు మాత్రం ఖాళీగా వదిలేశారు. కావాల్సినవి: 28 కాళ్ళ సాకెట్, 74హెచ్‌సీ373 లాచ్ (అడ్రస్ పట్టి ఉంచే చిప్పు), సీ51, సీ52 స్థానాల్లో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, ఆర్54 దగ్గర 1 కిలో ఓమ్ రెసిస్టర్, జే1 దగ్గర చిన్న తీగ. జే1 వేయకపోతే అన్నీ పెట్టినా ఈసీయూ పాత లోపలి ప్రోగ్రాంతోనే నడుస్తుంది. "మ్యాప్ మార్చినా ఏమీ తేడా లేదు" అనే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఆ తీగ ముక్కే.

ఖాళీ రంధ్రాలు ఫ్యాక్టరీ సోల్డర్‌తో నిండి ఉంటాయి. ముందు కొంచెం కొత్త సోల్డర్ కలిపి, 350 డిగ్రీల దగ్గర కరిగించి, సక్కర్‌తో లాగండి. ఎండిన పాత సోల్డర్‌ను నేరుగా లాగబోతే ప్యాడ్ లేచిపోతుంది.

రీడర్5:
పీ28లో 28సీ256 పెడితే ఎందుకు పనిచేయదు? సైజు 32 కిలోబైట్లే కదా?

ఏ15_పైన:
సైజు ఒకటే, కాళ్ళు వేరు. 28సీ256లో ఒకటో కాలు ఏ14, ఇరవై ఏడోది రైట్ ఎనేబుల్ (రాయడానికి అనుమతించే కాలు). 27సీ256లో ఇరవై ఏడోది ఏ14. ఆ రెండూ తారుమారు కావడంతో ప్రోగ్రాం సగం దగ్గర అడ్రస్ గల్లంతవుతుంది. ఏటీ29సీ256 అయితే సరిపోతుంది. అందులో ఏ14 ఇరవై ఏడో కాలు మీదే ఉంది, రైట్ ఎనేబుల్ ఒకటో కాలు మీద పడి 5 వోల్టుల దగ్గర నిద్రపోతుంది. ఎస్‌ఎస్‌టీ 27ఎస్‌ఎఫ్512 కూడా పనికొస్తుంది, కానీ దానికీ పై సగం నియమమే.

సోల్డర్‌పొగ:
సాకెట్ విషయంలో ఒక మాట. గుండ్రటి కాళ్ళ మెషిన్డ్ సాకెట్టే వాడండి. ఆకు కాంటాక్ట్ ఉన్న చవక సాకెట్ నాలుగుసార్లు చిప్పు మార్చేసరికి వదులవుతుంది. ఆ తర్వాత గుంతలో పడినప్పుడల్లా ఇంజిన్ దగ్గుతుంది.

కిటికీచిప్పు:
పూర్తిగా ఒప్పుకోను. మెషిన్డ్ సాకెట్‌లో ఎమ్యులేటర్ (ట్యూనింగ్‌లో చిప్పు బదులు పెట్టే పరికరం) వైరు తాలూకు లావు చదరపు పిన్నులు గుచ్చితే లోపలి కాంటాక్ట్ సాగిపోతుంది, మళ్ళీ సన్నని చిప్పు కాలు పెడితే పట్టదు. ట్యూనింగ్ నడిచినంతకాలం ఆ సాకెట్ మీద ఇంకో సాకెట్ ఎక్కించి, పైదాన్ని పారేయడానికి సిద్ధపడండి.

టీపీ_లోడ్:
చిప్పు పని అయ్యింది, ఇక మ్యాపుల సంగతి. మోట్రానిక్ ఫైలులో టేబుల్ వెతికేవాళ్ళకు: చాలా ఫైళ్ళలో ఆర్‌పీఎం అక్షం 3బీ అనే బైటుతో మొదలవుతుంది. ఆ వెంటనే గళ్ళ సంఖ్య, 16 గళ్ళయితే హెక్స్‌లో 10. తర్వాత వచ్చేవి నేరుగా ఆర్‌పీఎంలు కావు, తేడాలు. చివరి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ఉదాహరణకు నాలుగు గళ్ళ అక్షంలో బైట్లు దశాంశంలో 10, 20, 30, 96 అనుకోండి. 256 లోంచి 96 తీస్తే 160, దాన్ని 40తో గుణిస్తే 6400 ఆర్‌పీఎం. 160 లోంచి 30 పోతే 130, అంటే 5200. తర్వాత 110, అంటే 4400. చివరికి 100, అంటే 4000. ఇందులో ఒక్క బైటు మార్చినా దాని ముందున్న గళ్ళన్నీ జరుగుతాయి. అక్షం ముట్టుకునేవాళ్ళు సాధారణంగా బోల్తా పడేది ఇక్కడే. ట్యూనర్‌ప్రో అనే మ్యాప్ ఎడిటర్‌లో సరైన ఎక్స్‌డీఎఫ్ (ఏ టేబుల్ ఎక్కడుందో చెప్పే ఫైలు) ఉంటే ఈ లెక్క అదే చేస్తుంది. ఎక్స్‌డీఎఫ్ మీ ఈసీయూ సాఫ్ట్‌వేర్ నంబరుదేనా కాదా అన్నది మాత్రం మీరే చూసుకోవాలి.

ఎస్13గేర్:
నిస్సాన్ ఎస్‌ఆర్20డీఈటీలో 370 సీసీ ఇంజెక్టర్లు తీసి 550 వేస్తే కే విలువను (గాలిని ఇంజెక్షన్ కాలంగా మార్చే గుణకాన్ని) 370/550తో, అంటే 0.673తో గుణిస్తే చాలా?

టీపీ_లోడ్:
చాలదు. ఇది తెలియకే పిస్టన్లు పగలగొట్టుకుంటారు.

నిస్సాన్‌లో లోడ్ అంటే టీపీ. అది ఎయిర్‌ఫ్లో మీటర్ చెప్పిన గాలిని కేతో గుణించి తెచ్చిన ఇంజెక్షన్ కాలమే. కే 0.673కి పడితే అదే గాలికి టీపీ కూడా 0.673కి పడుతుంది. అప్పుడు ఫుల్ బూస్ట్‌లో కూడా ఈసీయూ ఇగ్నిషన్ టేబుల్ మధ్యలో చూస్తుంది. అక్కడ అడ్వాన్స్ (స్పార్క్ ఎంత ముందు రావాలన్నది) ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఫలితం నాక్ (సిలిండర్‌లో మిశ్రమం దానంతటదే పేలడం).

అందుకని కే తో పాటు మార్చాల్సినవి: ఇంధనం, ఇగ్నిషన్ టేబుళ్ళ టీపీ అక్షాలు (అదే 0.673తో), టీపీ గరిష్ఠ, కనిష్ఠ పరిమితులు, చివరగా కొత్త ఇంజెక్టర్ లేటెన్సీ (తెరుచుకోవడానికి పట్టే ఆలస్యం). లేటెన్సీ తప్పితే ఐడిల్ దగ్గరే ఎక్కువ తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ పల్స్ చిన్నది. హెడ్‌లైట్లు వేయగానే మిశ్రమం మారితే బ్యాటరీ వోల్టేజీ దిద్దుబాటు తప్పని అర్థం.

ఇంజెక్టర్ డ్యూటీ (తెరిచి ఉండే సమయం శాతం) కూడా లెక్కేసుకోండి: సీక్వెన్షియల్ (రెండు చుట్లకు ఒకసారి కొట్టేది) అయితే పల్స్ మిల్లీసెకన్లను ఆర్‌పీఎంతో గుణించి 1200తో భాగించండి. 6500 దగ్గర 15.7 మిల్లీసెకన్లకు 85% వస్తుంది. అక్కడితో ఆగాలి. రెండు చుట్లలో రెండుసార్లు కొట్టే బ్యాచ్ పద్ధతిలో ఆ కాలం సగమే, పైగా లేటెన్సీ రెండుసార్లు పోతుంది.

లాంబ్డా1:
వైడ్‌బ్యాండ్ (మిశ్రమాన్ని కచ్చితంగా కొలిచే ఎగ్జాస్ట్ సెన్సర్) లేకుండా పైన చెప్పినదేదీ మొదలుపెట్టకండి. కారులో వచ్చే నారోబ్యాండ్ సెన్సర్ గాలి-పెట్రోలు నిష్పత్తి 14.7కి అటా ఇటా అన్నది మాత్రమే చెప్తుంది, 11.5కీ 13కీ తేడా దానికి తెలియదు. టర్బో కార్లో సెన్సర్‌ను టర్బో తర్వాత, క్యాటలిటిక్ ముందు పెట్టండి. దాని ముందు ఎగ్జాస్ట్ లీకు ఉంటే బయటి గాలి చొరబడి లీన్‌గా (పెట్రోలు తక్కువగా) చూపిస్తుంది. మీరు పెట్రోలు పెంచుకుంటూ పోతారు. మ్యాప్ చేసేంతసేపు క్లోజ్డ్ లూప్ (సెన్సర్ చూసి ఈసీయూ తనే దిద్దుకోవడం) ఆపేయాలి, లేకపోతే మీరు మార్చినదాన్ని ఈసీయూ మళ్ళీ వెనక్కి లాగుతుంది.

ఫుల్ లోడ్‌లో టర్బో లేని ఇంజిన్‌కు 12.5 నుంచి 13, టర్బోకు 11.5 దగ్గర మొదలెట్టండి. ముందు ఇంధనం కుదరాలి, తర్వాతే ఇగ్నిషన్. అడ్వాన్స్ ఒక్కో డిగ్రీ పెంచండి. టార్క్ పెరగడం ఆగితే, నాక్ వినిపించకపోయినా, ఒక డిగ్రీ వెనక్కి రండి.

పాతమోట్రానిక్:
8000 దగ్గర కూడా రాశాక మొదటి తిప్పుకే స్టార్ట్ అయ్యింది. ధన్యవాదాలండి. ఇప్పుడు రెండు సగాల్లో రెండు వేర్వేరు మ్యాపులు పెట్టి స్విచ్‌తో మార్చుకోవచ్చా?

ఏ15_పైన:
మార్చుకోవచ్చు. చిప్పు ఒకటో కాలును సాకెట్‌లోకి పోకుండా మెల్లగా బయటికి వంచండి. దాన్నుంచి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ 5 వోల్టులకు, స్విచ్ గ్రౌండ్‌కు. స్విచ్ తెరిచి ఉంటే పై సగం, మూస్తే కింది సగం. రెసిస్టర్ లేకుండా కాలు గాల్లో వదిలేస్తే ఇగ్నిషన్ కాయిల్ చప్పుడుకే మ్యాపులు మారిపోతాయి. స్విచ్ వైరు కాయిల్, స్పార్క్ ప్లగ్ వైర్లకు దూరంగా, వీలైనంత పొట్టిగా ఉంచండి. ఇంజిన్ ఆపాకే మార్చండి. నడుస్తుండగా మారిస్తే ప్రాసెసర్ చదువుతున్న ఆదేశం మధ్యలో సగం మారిపోవచ్చు.

సోల్డర్‌పొగ:
చిప్పు పెట్టేటప్పుడు గాటు ఎటు ఉందో సాకెట్‌తో సరిచూడండి. తిరగేసి పెడితే సప్లై, గ్రౌండ్ తారుమారై చిప్పు వేలికి చురుక్కుమనేంత వేడెక్కుతుంది. అలాంటి చిప్పును మళ్ళీ నమ్మొద్దు. బ్యాటరీ నెగటివ్ తీశాకే ఈసీయూ ప్లగ్ విప్పండి.

కిటికీచిప్పు:
కిటికీ ఉన్న చిప్పే వాడేవాళ్ళు దాని మీద వెలుతురు దూరని స్టిక్కర్ అంటించండి. నేరుగా ఎండ తగిలితే వారంలో చెరిగిపోవచ్చు. కాగితం స్టిక్కర్ చాలదు, అల్యూమినియం రేకు ఉన్నది కావాలి. మ్యాప్ వెర్షన్, తేదీ కూడా దాని మీదే రాసిపెట్టండి.