‘పడితే’, ‘పడినా’: పైథాన్‌లో ఇఫ్‌ని తెలుగులో ఎలా చదవాలి?

అమీర్‌పేటలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న తమ్ముడికి, అందులో షరతు పెట్టే మాటైన ఇఫ్‌ని ఎలా చెప్పాలి, ‘ఒకవేళ’ అంటే సరిపోతుందా అని ఇక్కడ ఒకరు అడిగారు. సరిపోదండీ. ‘ఒకవేళ’ తీసేసినా ‘వాన పడితే గొడుగు తీసుకో’ అన్న వాక్యానికి ఏ లోటూ రాదు. షరతునంతా మోసేది క్రియ చివరి ‘తే’. బడిలో చేదర్థకం అని చదువుకున్నాం కదా, అదే.

పైథాన్‌లో ఇఫ్ ముందొస్తుంది, షరతు అయ్యాక కోలన్ పెట్టాలి. మా పిల్లలకు చెప్పేటప్పుడు ఆ కోలన్‌నే ‘అయితే’ అని పైకి చదవమంటాను.

ఇఫ్ మార్కులు >= 35:

‘మార్కులు 35 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే’. ఇలా చదవడం అలవాటైతే కోలన్ మర్చిపోరు.

ఎల్స్‌కి ‘లేకపోతే’ చక్కగా సరిపోతుంది. ఎలిఫ్ అంటే ‘అది కాకుండా, ఇదైతే’. ఇక్కడ వరస ముఖ్యం. పైన 35 షరతు, కింద ఎలిఫ్‌లో 75 పెడితే, 80 వచ్చిన అమ్మాయికి కూడా ‘పాస్’ అనే వస్తుంది, డిస్టింక్షన్ దాకా వెళ్లదు. పెద్ద అంకె ముందుండాలి.

నాకు అన్నిటికన్నా నచ్చేది అప్యర్థకం, అంటే ‘పడినా’ లాంటి రూపం. ‘వాన పడినా వెళ్తాను’ అనడానికి పైథాన్‌లో విడిగా మాటే లేదు. ఆ పని ఎడమ అంచు చేస్తుంది:

ఇఫ్ వాన:
    గొడుగు తీసుకో
మెట్రో ఎక్కు

గొడుగు నాలుగు ఖాళీలు లోపలికి ఉంది కాబట్టి అది ‘పడితే’ కిందికి వస్తుంది. మెట్రో అంచునే ఉంది, అంటే వాన పడినా పడకపోయినా ఎక్కాల్సిందే. ఆ వరసను కూడా లోపలికి జరిపారంటే ఎండ కాసిన రోజు మెట్రో ఎక్కరు! ఎర్రర్ కూడా రాదు, అందుకే కొత్తవాళ్లకు ఈ తప్పు ఓ పట్టాన దొరకదు.

— మార్కులు అని తెలుగు లిపిలోనే రాయొచ్చా అండీ?

— రాయొచ్చండీ. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి వేరియబుల్ పేర్లు, అంటే ‘మార్కులు’ లాగా విలువకు మనం పెట్టుకునే పేర్లు, తెలుగులో పెట్టుకోవచ్చు. ఇఫ్, ఎలిఫ్, ఎల్స్ మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో రాశాను. ఇంకోటి, తమ్ముడికి చెప్పండి: మార్కులు = 35 అంటే ‘35 అనుకో’ అని, మార్కులు == 35 అంటే ‘35 ఏనా?’ అని. ఈ రెండింట్లో ఇఫ్ పక్కన కావాల్సింది రెండోదే.