పక్కింటోళ్ళ వైఫైకి పాస్‌వర్డ్ లేదు, మా తమ్ముడు వాడుకుంటా ఉండాడు, ఇది తప్పు కాదా?

కొర్లగుంట_అక్క:
మాది తిరుపతి, కొర్లగుంట పక్క. మిద్దె పైన బాడుగకుంటాము నేనూ మా తమ్ముడూ, వాడు గ్రూప్ 2కి చదువుతా ఉండాడు. పక్కింట్లో రిటైరైన మాస్టారు, వాళ్ళావిడ ఇద్దరే, పిల్లోళ్ళు బెంగళూరులో ఉద్యోగాలు. వాళ్ళ వైఫైకి పాస్‌వర్డే లేదు, మా రూములో కూడా బాగా అందుతుంది. రాత్రిపూట ఫోన్లో ఆ రోజు డేటా అయిపోతానే మావాడు దానికి కలుపుకుని క్లాసులు వింటాడు. ఎందుకురా అంటే, పాస్‌వర్డ్ పెట్టలేదంటే ఎవురైనా వాడుకోవచ్చనే కదక్కా, వాళ్ళది అన్‌లిమిటెడ్, పోయేదేముంది అంటాడు. నాకైతే మనసొప్పడం లేదు, ఆ మాస్టారు అడిగితే కాదనే మనిషి కాదు, అట్లాంటాయన దగ్గర అడక్కుండా తీసుకునేదేంది. చట్టప్రకారం ఇది నేరమా? రేపు ఏమన్నా జరిగితే ఎవరి మెడకు చుట్టుకుంటుంది? తెలిసినోళ్ళు చెప్పండి.

లీలామహల్_సెంటర్:
అక్కా, ఇంత ఆలోచించాల్సిన పన్లేదు. రైల్వే స్టేషన్లో, కాఫీ అంగట్లో ఓపెన్‌గా ఉంటే వాడుకోవడం లేదా మనం. పాస్‌వర్డ్ పగలగొట్టి దూరితే అది దొంగతనం, ఒప్పుకుంటా. కొంతమంది కావాలనే ఓపెన్‌గా వదిలిపెడతారు, అట్లాంటోళ్ళు నాకు తెలుసు. సినిమాలు గినిమాలు డౌన్‌లోడ్ చేస్తే వాళ్ళకు స్పీడు తగ్గుతుంది గానీ పిల్లోడు చదువుకునేదానికి వాడితే ఏం తప్పు.

చిత్తూరు_కోర్టు_రోడ్డు:
తమ్ముడూ, స్టేషన్ వైఫై ఇక్కడ పోలిక కాదు. అక్కడ రైల్‌టెల్ అని రైల్వే వాళ్ళ టెలికాం కంపెనీ ప్రయాణికుల కోసమని పెట్టింది, నీ నంబరు తీసుకుని ఓటీపీ పంపించినాకే లోపలికి వదులుతారు. మాస్టారు అట్ల పిలవలేదు కదా.

చట్టం అడిగినారు కాబట్టి చెప్తా. ఐటీ చట్టం, 2000లో 43వ సెక్షన్ ఉంది. ఓనరు గానీ దాన్ని చూసుకునే మనిషి గానీ అనుమతి ఇవ్వకుండా కంప్యూటర్‌లోకో నెట్‌వర్క్‌లోకో పోతే నష్టపరిహారం కట్టాలంటుంది. వైర్‌లెస్ కూడా నెట్‌వర్క్ కిందికే వస్తుందని నిర్వచనంలోనే రాసినారు. ఆ సెక్షన్లో పాస్‌వర్డ్ ఉందా లేదా అనే మాటే లేదు, అడిగేదంతా అనుమతి గురించే. అదే పని మోసంతోనో దురుద్దేశంతోనో చేసినారని తేలితే 66వ సెక్షన్, 3 ఏళ్ళ వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. క్లాసులు విన్నాడని పిల్లోడి మీద 66 పెట్టి నిలబెట్టడం కష్టమే, దురుద్దేశం చూపించాల కదా, అందుకని భయపడి నిద్ర మానుకోవద్దు. కానీ నేరంగా నిలబడదు అంటే చేయొచ్చు అని కాదు అర్థం.

ఇంకోటి, నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ మాస్టారి గురించే. 2008 జూలై 26న అహ్మదాబాద్‌లో పేలుళ్ళు జరిగే ముందు టీవీ చానళ్ళకు ఒక మెయిల్ వచ్చింది. ఎక్కడినుంచా అని వెతుక్కుంటా పోతే నవీ ముంబైలో కాపురముండే ఒక అమెరికా ఆయన ఇంటి కనెక్షన్ దగ్గర తేలింది. ఆయనకేమీ తెలీదు, వైఫై ఓపెన్‌గా ఉండేది, ఎవరో వాడుకుని పోయినారు, అంతే. అయినా పోలీసులు వచ్చింది ఆయన గుమ్మానికే, కంప్యూటర్లు తీసుకుపోయింది ఆయనవే. అదే ఏడు సెప్టెంబర్‌లో ఢిల్లీ పేలుళ్ళప్పుడు వచ్చిన మెయిల్ కూడా ముంబై చెంబూరులో ఇంకొకరి వైఫై నుంచే పోయింది. ఆ తర్వాతనే, 2009లో, వైఫైని భద్రంగా పెట్టాలని టెలికాం శాఖ ఇంటర్నెట్ కంపెనీలకు ఆదేశాలిచ్చింది. డెబ్భై ఏళ్ళ మాస్టారింటికి అట్ల పోలీసులొస్తే ఆ ముసలోళ్ళు తట్టుకుంటారా చెప్పండి. మీ తమ్ముడు ఒక్కడే కాదు, ఆ వీధిలో పోయే ఎవరైనా బండి ఆపుకుని వాడుకోవచ్చు.

రేణిగుంట_ఫైబర్_పని:
నేను కనెక్షన్లు ఇచ్చే పనిలోనే ఉండాను. పోలీసులు కనెక్షన్ ఓనరు గుమ్మానికే వస్తారని కోర్టు రోడ్డు సార్ చెప్పినదానికి కారణం ఏమంటే, ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా బయటికి కనబడేది ఒకే ఐపీ అడ్రసు, అంటే ఇంటర్నెట్‌లో ఆ కనెక్షన్‌కుండే నంబరు, అది మాస్టారి పేరు మీదుంటుంది. లోపల ఎవరి ఫోను వాడిందీ రౌటర్‌కే, అంటే ఇంట్లో వైఫై ఇచ్చే డబ్బాకే తెలియాల, ఇళ్ళల్లో పెట్టే రౌటర్లు చాలావరకు ఆ లెక్క ఎక్కువ రోజులు దాచిపెట్టవు. కాబట్టి నేను కాదు అని చూపించుకునే ఆధారం ఆయన దగ్గర ఉండదు.

మీ తమ్ముడికీ మంచిది కాదక్కా. పాస్‌వర్డ్ లేని పాత రకం నెట్‌వర్క్‌లో గాల్లో పోయే డేటాకు వైఫై తరపున ఏ రక్షణా ఉండదు. బ్యాంకు యాప్‌లకు వాటి సొంత ఎన్‌క్రిప్షన్, అంటే డేటాను వేరేవాళ్ళు చదవలేకుండా మార్చి పంపే ఏర్పాటు ఉంటుంది, నిజమే, కానీ అదే పేరుతో పక్కన ఇంకొకడు నకిలీ వైఫై పెడితే ఫోను తేడా కనిపెట్టలేదు, ఒకసారి కలిపిన ఓపెన్ నెట్‌వర్క్ కాబట్టి దానంతటదే కలిసిపోతుంది. ముందు ఫోన్లో వైఫై సెట్టింగుల్లో ఆ నెట్‌వర్క్‌ను ఫర్గెట్ కొట్టమనండి, ఫోను దాన్ని మర్చిపోతుంది.

కొర్లగుంట_అక్క:
అందరికీ చాలా థ్యాంక్స్. తమ్ముడికి ఇదంతా చదివి వినిపించినా, పోలీసుల మాట కంటే మాస్టారికి ఇబ్బంది అన్నాకే వాడు గమ్మునైనాడు, ఇంక కలపనన్నాడు. ఇప్పుడు ఆయనకు చెప్పేదెట్ల? ఇన్నాళ్ళూ వాడుకుని ఇప్పుడు చెప్తారా అనుకుంటే?

బైరాగిపట్టెడ_అమ్మ:
ఏమనుకున్నా చెప్పాల్సిందేనమ్మా. నువ్వు మానేసి గమ్మునుంటే ఆ ఇల్లు అట్లనే వాకిలి తెరిచి ఉంటుంది. పగటిపూట ఇద్దరూ కలిసి పోండి, మీ తమ్ముడే నోరు తెరిచి చెప్పనీ, మాస్టారూ మీ వైఫై ఓపెన్‌గా ఉంది, నేను కూడా కొన్ని రోజులు వాడినా, మీకు ఇబ్బంది వస్తుందని తెలిసింది, పాస్‌వర్డ్ పెట్టిస్తాను అని. పిల్లోళ్ళకు పాఠాలు చెప్పినాయన, నిజం చెప్పినోడి మీద కోపం పెట్టుకోడు.

చిత్తూరు_కోర్టు_రోడ్డు:
అమ్మ చెప్పిందే సరి. ఆయన సరే వాడుకోరా అంటే ఐటీ చట్టంలో అనుమతి సంగతి అక్కడికి తీరిపోయె. కాకపోతే చాలా కంపెనీల షరతుల్లో వేరే ఇంటికి ఇవ్వకూడదని ఉంటుంది, అది ఆయన కనెక్షన్‌కు ఇబ్బంది, కాబట్టి నెలనెలా డబ్బులిచ్చి పంచుకునే ఏర్పాటు మాత్రం వద్దు. రోజూ అవసరమైతే సొంత కనెక్షన్ పెట్టుకోండి.

రేణిగుంట_ఫైబర్_పని:
పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు సెక్యూరిటీ అనే చోట వైఫైకి ఎట్లాంటి తాళం వేయాలని అడుగుతుంది, డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ పెట్టండి, పాతకాలం డబ్ల్యూఈపీ కనబడితే దాని జోలికి పోవద్దు. డబ్ల్యూపీఎస్ అని, పాస్‌వర్డ్ కొట్టకుండానే బటనుతోనో పిన్‌తోనో కలిపేది ఉంటే ఆఫ్ చేయండి. రౌటర్ సెట్టింగుల్లోకి పోయే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరే ఉంటుంది, కంపెనీ ఇచ్చిందే అట్లనే ఉంటే అదీ మార్చాల, చాలామంది దీన్నే మర్చిపోతారు. వైఫై పేరు ఫోన్లలో కనబడకుండా దాచిపెడితే చాలు అని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. మార్చినాక వాళ్ళ టీవీ, కెమెరాలు, ఫోన్లు అన్నిటికీ మళ్ళీ కొత్త పాస్‌వర్డ్ కొట్టాల, అందుకని బెంగళూరులో ఉండే వాళ్ళబ్బాయిని ఫోన్లో పెట్టుకుని చేయండి, లేకుంటే ఆ రాత్రి పెద్దోళ్ళకు టీవీ రాదు.